శ్యామలాంబ గారి పచ్చిక కళ్ళం

శ్యామలాంబకు చిన్నప్పటినుంచీ వానంటే ఇష్టం. తొలకరి చినుకు పడితే చాలు, చేతిలో పని వదిలేసి వాకిట్లోకి వచ్చి మొహం పైకెత్తి నిలబడే మనిషి. అలాంటావిడ పోయినేడాది వర్షాకాలమంతా మబ్బు పడితే చాలు తలుపు వేసుకుని లోపల కూర్చుంది. ఆవిడ కళ్ళంలో పరిచిన ప్లాస్టిక్ పచ్చికే దానికి కారణం.

మండపేట నుంచి ద్రాక్షారామం వెళ్ళే దారిలో ఉంటుంది తూములపాలెం. ఊరి మొగలో, రోడ్డు వారగా ఆ కళ్ళం. భర్త శివరామకృష్ణ బతికున్న రోజుల్లో అక్కడ కుప్పలు వేసేవారు, నూర్పిళ్ళు చేసేవారు, ధాన్యం ఎండబోసేవారు. కోత మిషన్లు వచ్చాక ధాన్యం చేలోనే లారీ ఎక్కేస్తోంది. కళ్ళానికి పని లేకుండా పోయింది. తర్వాత శివరామకృష్ణ కూడా పోయాడు. కూతురు పెద్దాపురంలో కాపురం చేసుకుంటోంది, వారం వారం వచ్చి చూసి వెళుతుంది. కళ్ళంలో మాత్రం పిచ్చిమొక్కలు నడుమెత్తు పెరిగాయి.

అది చూసే గణేష్‌బాబు టర్ఫ్ మాట ఎత్తాడు. శ్యామలాంబ అక్క కొడుకతను. రాజమండ్రిలో మోటార్లు బాగుచేసే షాపు ఉంది. టౌన్లలో ఖాళీ స్థలాల్లో ఈ పచ్చిక పరిచి, చుట్టూ వలలు కట్టి, కుర్రాళ్ళు క్రికెట్ ఆడుకోవడానికి ఇస్తున్నారని చెప్పాడు. శ్యామలాంబ నవ్వేసింది. ఎటు చూసినా దేవుడిచ్చిన పచ్చదనం ఉండగా మధ్యలో ప్లాస్టిక్ పచ్చ ఏంటిరా అంది. కానీ సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో టీవీ మోత తప్ప మనిషి మాట వినబడని రోజులవి. నాలుగు రోజులు ఆలోచించి సరేనంది.

పచ్చిక పరిచాక ఆ మూల రూపమే మారిపోయింది. సాయంత్రాలు చుట్టుపక్కల ఊళ్ళ కుర్రాళ్ళు క్రికెట్ ఆడేవారు. పొద్దుటిపూట మాత్రం హైస్కూలు ఆడపిల్లలకు ఇచ్చింది. వాళ్ళ వ్యాయామం టీచరు సత్యవాణి వచ్చి అడిగితే కాదనలేకపోయింది. పిల్లలు మధ్యలో నెట్టు కట్టుకుని వాలీబాల్ ఆడేవారు. శ్యామలాంబ కాఫీ గ్లాసు పట్టుకుని గట్టు మీద కూర్చుని చూసేది. ఆటలో ఏం జరుగుతోందో ఆవిడకు తెలియదు. పిల్లల అరుపులు మాత్రం బాగుండేవి. వాళ్ళలో దుర్గాశ్రీ అనే పిల్లంటే ప్రత్యేకమైన మురిపెం. సన్నగా రివటలా ఉండేది. నేలకు తాకబోయే బంతిని కూడా మెరుపులా వంగి రెండు చేతులతో పైకి లేపేది.

మొదటి వానాకాలం రానే వచ్చింది. పచ్చిక వేసినవాళ్ళు అడుగునంతా కంకర పోశారు గానీ, తూర్పు మూలకు వచ్చేసరికి కంకర చాలక ఆ పక్కనున్న బంకమట్టే తోసి చదును చేసేశారు. ఆ సంగతి ఎవరికీ తెలియదు. రెండు వానలు పడేసరికి నీరు కిందికి దిగక పచ్చిక అడుగునే నిలిచిపోయింది. కాలు పెడితే తడిసిన పరుపులా ఊగేది. మురుగు వాసన పట్టింది. పోగుల మధ్య పాకుడు పుట్టింది. ఒకరోజు పొద్దున్న బంతి కోసం పరిగెత్తిన దుర్గాశ్రీ ఆ మూలే జారి పడింది. కుడి మణికట్టు విరిగింది.

పిల్లను ఆసుపత్రికి పంపాక శ్యామలాంబకు ఏం చేస్తున్నదీ తెలియలేదు. ముందు ఆ నీళ్ళు బయటికి పోవాలి అనుకుంది. కూలీని పిలిచి ఆ మూల గట్టు కొట్టించేసింది. నీళ్ళు పోయాయి. పోయి పక్కనున్న వెంకటరాజు గారి నారుమడిలో పడ్డాయి. నీళ్ళతోపాటు పచ్చిక మెత్తగా ఉండడానికి పోగుల మధ్య చల్లే నల్ల రబ్బరు పలుకులు కూడా కొట్టుకుపోయి, మొలకెత్తిన నారు మీద పేరుకున్నాయి. వెంకటరాజు గారూ, ఆయన భార్య లక్ష్మీ వంగి ఆ పలుకులు ఏరుతుంటే శ్యామలాంబ ఇటునుంచి చూసింది. వెళ్ళి ఒక మాట చెప్పడానికి కాళ్ళు రాలేదు. మర్నాడు వెళదాం అనుకుంది. ఆ మర్నాడు ఎప్పటికీ రాలేదు. రెండిళ్ళ మధ్య మాటలు ఆగిపోయాయి. కళ్ళం గేటుకు తాళం పడింది.

చలికాలంలో గేటు మళ్ళీ తెరిచారు. క్రికెట్ పిల్లలు వచ్చారు. దుర్గాశ్రీ చెయ్యి అతుక్కుంది, అప్పుడప్పుడూ వచ్చేది గానీ ఆటలో వెనకగా నిలబడేది. ఇలా రోజులు గడిచి రోహిణి కార్తె ఎండలు వచ్చాయి. ఒక పొద్దున్న అందరూ వెళ్ళాక దుర్గాశ్రీ ఒక్కతే ఆగి, "మామ్మగారూ, ఈ వానాకాలం కూడా గేటు మూసేస్తారా అండి?" అని అడిగింది.

ఎందుకమ్మా అంది శ్యామలాంబ. స్కూలు గ్రౌండు వానల్లో మోకాల్లోతు బురద అవుతుందనీ, జిల్లా జట్టు ఎంపికలు వానాకాలంలోనే పెడతారనీ, పోయినేడాది తాము ఆట లేకుండానే వెళ్ళి మొదటి మ్యాచిలోనే ఓడి తిరిగొచ్చేశామనీ ఆ పిల్ల చెప్పింది. ఫిర్యాదులా చెప్పలేదు, ఉన్న సంగతి చెప్పింది. శ్యామలాంబకు ఆ రోజు అన్నం సయించలేదు. తన కళ్ళంలో పిల్ల చెయ్యి విరిగిందన్న బాధతో తాళం వేసింది తప్ప, ఆ తాళం వల్ల పిల్లల ఆట పోయిందన్న ఆలోచన ఏనాడూ రాలేదు. మధ్యాహ్నమే గణేష్‌బాబుకు ఫోన్ చేసింది.

"వానలు పడేలోగా దీన్ని బాగుచెయ్యాలిరా. వాన కురుస్తున్నా పిల్లలు ఆడుకునేలా ఉండాలి," అంది.

గణేష్‌బాబు షాపు తమ్ముడికి అప్పగించి వచ్చాడు. వస్తూ వస్తూ ఇలాంటి టర్ఫులు చూసుకునే స్నేహితుడి దగ్గర అన్నీ కనుక్కుని వచ్చాడు. మొదట గోడవార ఉన్న బాదం చెట్టు కొమ్మలు కొట్టించారు. ఆకులు రాలి, నీరు దిగడానికి పచ్చికకు ఉన్న చిల్లులు పూడ్చేసేవి, నీడకు పాకుడు పట్టేది. తర్వాత పచ్చికంతా గట్టి చీపుళ్ళతో పోగులు వాలిన వైపుకు ఎదురుగా దువ్వారు. అణిగిపోయి చాపలా ఉన్న పోగులు మెల్లగా లేచి నిలబడ్డాయి. ఈ పని శ్యామలాంబకు నచ్చింది. చీర చెంగు దోపుకుని ఎండ ఎక్కేదాకా తనే దువ్వేది. నీళ్ళలో వెనిగర్ కలిపి పాకుడు పట్టిన చోట్ల పోసి రుద్దితే ఆకుపచ్చ జిగురంతా వదిలిపోయింది.

తూర్పు మూల పచ్చికను చుట్ట చుట్టి తీస్తే అడుగున బంకమట్టి కనబడింది. ఎండాకాలంలో కూడా తడి ఆరలేదు. ఆ మట్టంతా తవ్వి పోసి, కంకర, దాని మీద సన్న రాతి చిప్స్, ఆపైన రాతిపొడి వేసి దిమ్మిస కొట్టించారు. నీరంతా ఆ మూలకే దిగేలా వాలు పెట్టారు. రబ్బరు పలుకులు వీలైనంతవరకు బ్లోయరుతో ఊడ్చి మూటలు కట్టేశారు. వాటికి బదులు జల్లించిన గోదారి ఇసక చల్లుదామన్నాడు గణేష్‌బాబు. ఇసక బరువుకు పోగుల్లోనే కూర్చుంటుంది, నీళ్ళ మీద తేలిపోదు.

అంతా బాగానే ఉంది. కానీ వాలు దిగిన నీరు ఎటు పోవాలి? మురుగు బోదె వెంకటరాజు గారి చేనుకు అవతలి అంచున ఉంది. మధ్యలో ఆయన గట్టు. గట్టు వెంబడి భూమిలోంచి పైపు వేస్తే తప్ప నీటికి దారి లేదు.

"నేను వెళ్ళి అడగనా పిన్నీ?" అన్నాడు గణేష్‌బాబు.

"నువ్వు కాదురా, నేనే వెళ్ళాలి," అంది శ్యామలాంబ.

కులం వేరైనా ఊరి వరసకు వెంకటరాజు గారు ఆవిడకు బావగారు. ఆవిడ వెళ్ళేసరికి ఆయన వీధి అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. లక్ష్మి లోపల్నుంచి వచ్చి, ఏమీ జరగనట్టే కూర్చోమని పీట వేసి, మజ్జిగ తెచ్చి ఇచ్చింది. శ్యామలాంబ మజ్జిగ పక్కన పెట్టి, వచ్చిన పని చెప్పింది. పైపు ఎందుకో, నీరు ఎటు పోతుందో, పిల్లల ఆట సంగతేంటో అంతా చెప్పింది. ఆయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు.

"పైపు సంగతి తర్వాత చూద్దాం," అన్నారు. "పోయినేడాది గట్టు కొట్టించేముందు ఈ గుమ్మంలోకొచ్చి ఒక్క మాట చెప్పుంటే, నేనే పార పట్టుకొచ్చి బోదెలోకి దారి తీద్దును కదమ్మా. నారు పోతే మళ్ళీ పోసుకున్నాం, దానికేముంది. శివరామకృష్ణ ఉండగా మన రెండు చేల మధ్య నీళ్ళ దగ్గర మాట తేడా వచ్చిందా ఎప్పుడైనా?"

"రాలేదండి బావగారూ. ఆ రోజు పిల్ల చెయ్యి చూసి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. తర్వాత రావడానికి మొహం చెల్లలేదు. తప్పు నాదేనండి."

"ఏడాది పొడుగునా మొహం చెల్లకపోతే ఎలా శ్యామలా?" అంది లక్ష్మి. "నేనైనా వద్దును. ఈయన వెళ్ళనిస్తేగా."

వెంకటరాజు గారు మళ్ళీ పేపరు విప్పారు. ఔననలేదు, కాదనలేదు. శ్యామలాంబ మజ్జిగ తాగి గ్లాసు లక్ష్మి చేతికిచ్చి ఇంటికొచ్చింది. పని అయ్యేలా లేదనిపించింది. అయినా ఆ మాట చెప్పేశాక గుండెల మీదినుంచి ఏదో దిగినట్టు తేలిగ్గా ఉంది. ఆ సాయంత్రం గణేష్‌బాబుతో, బావగారు ఒప్పుకోకపోతే నీళ్ళు గుంటలో పట్టి మోటారుతో తోడుకుందాం, ఆయన్ని మాత్రం ఇంకోసారి ఇబ్బంది పెట్టొద్దు అని చెప్పింది.

మర్నాడు పొద్దున్నే చీపురు పట్టుకుని కళ్ళంలోకి వెళ్ళేసరికి వెంకటరాజు గారు గట్టు మీద నిలబడి ఉన్నారు. చేతిలో పార ఉంది. గట్టు వెంబడి అక్కడక్కడా గుర్తులు పెడుతున్నారు.

"మీరనుకున్న చోట వద్దమ్మా. అక్కడ ట్రాక్టరు దిగుతుంది, పైపు పగిలిపోద్ది. ఈ చివర్న, లోతుగా వేయించు. నారుమడి దున్నేలోగా అయిపోవాలి. ఇంకో సంగతి, ఆ నల్ల పలుకు ఒక్కటి కూడా బోదెలోకి గానీ నా చేలోకి గానీ రాకూడదు."

ఆయ్, రానివ్వనండి అంది శ్యామలాంబ. పైపు మొదట్లో చిన్న సిమెంటు గుంట కట్టి, దానికి సన్న జాలీ బిగిస్తామనీ, మిగిలిన పలుకులేవైనా ఉంటే అందులోనే ఆగిపోతాయనీ గణేష్‌బాబు వివరించాడు. వెంకటరాజు గారు జాలీ తెప్పించి వేలు పెట్టి చూసి, ఇంకా సన్నది తెమ్మన్నారు. తెచ్చారు. పైపు పడింది.

అప్పుడు నీళ్ళు పెట్టి చూశారు. బోరు మోటారు వేసి పచ్చిక మీద పారిస్తే తూర్పు మూల నీరు చక్కగా దిగి పైపులోకి పోయింది. కానీ నడిమధ్యలో, రెండు ముక్కలు అతికిన చోట, పళ్ళెమంత మడుగు నిలిచిపోయింది. అది చిన్నదేలే, ఎండకు ఆరిపోతుంది అన్నాడు గణేష్‌బాబు. అప్పటికే ఎండల్లో పనిచేసి నల్లబడిపోయాడు పాపం. శ్యామలాంబ ఒప్పుకోలేదు. సరిగ్గా అక్కడే నెట్టు కడతారు, అక్కడే పిల్లలు ఎగిరి దిగుతారు అంది. అతుకు విప్పి, అడుగున రాతిపొడి వేసి సరిచేసి, మళ్ళీ జిగురు పెట్టి అతకాల్సిందే.

మృగశిర దగ్గర పడింది. ఆ పని చేసిన రోజు పొద్దున్న ఎండ చిటపటలాడింది. పొడి వేసి, దిమ్మిస కొట్టి, అతుకు పొడవునా జిగురు రాసి అంచులు కలిపేసరికి మధ్యాహ్నం దాటింది. జిగురు ఆరడానికి సాయంత్రం దాకా పడుతుంది. అంతలో తూర్పున నల్లటి మబ్బు లేచింది. సముద్రం వైపునుంచి చల్లటి గాలి విసురుగా కొట్టింది. తడి తగిలితే జిగురు పట్టదు, ఇన్నాళ్ళ పనీ నీళ్ళపాలే.

శ్యామలాంబ సావిట్లోకి పరిగెత్తింది. ధాన్యం మీద కప్పే పాత బరకాలు అటక మీద ఉన్నాయి. భర్త పోయాక వాటిని ఎవరూ ముట్టుకోలేదు. అవన్నీ కిందికి లాగి గణేష్‌బాబు భుజాన వేసింది. అతుకు మీద ఒకదాని పక్కన ఒకటి పరుస్తుంటే గాలి వాటిని తెరచాపల్లా లేపేస్తోంది. అప్పుడే స్కూలు పిల్లలు పచ్చిక ఎంతవరకు వచ్చిందో చూద్దామని సైకిళ్ళ మీద వచ్చారు. వాళ్ళూ లోపలికి ఉరికి బరకాల అంచుల మీద కూర్చున్నారు. అటునుంచి వెంకటరాజు గారు తన చేలో ఉన్న ఇద్దరు కూలీలను గట్టు దాటించి ఇటుకలు మోయించారు. ఆయన కూడా పంచె ఎగ్గట్టుకుని వచ్చి ఒక మూల బరకాన్ని కాలితో తొక్కి పట్టుకున్నారు.

వాన దంచి కొట్టింది. ఎవరూ కదల్లేదు. బరకం అంచు మీద ఒక పక్క శ్యామలాంబ, పక్కన దుర్గాశ్రీ, ఆపైన వరసగా పిల్లలు, అందరూ తడిసి ముద్దయ్యారు. ఏడాది తర్వాత మొదటిసారి శ్యామలాంబ వానకేసి మొహం పైకెత్తింది. కాసేపటికి వాన తెరిపిచ్చింది. బరకాలు తీసి చూస్తే అతుకు పొడిగా ఉంది. మిగతా పచ్చిక మీద నీరు చూస్తుండగానే దిగిపోతోంది. అందరూ గట్టు చివరికి వెళ్ళారు. పైపులోంచి నీళ్ళు ధారగా బోదెలో పడుతున్నాయి. వెనక్కి వచ్చి ఇవతలి సిమెంటు గుంటలో చూస్తే జాలీ దగ్గర గుప్పెడు నల్ల పలుకులూ, నాలుగు బాదం ఆకులూ ఆగి ఉన్నాయి. వెంకటరాజు గారు వంగి ఆ గుప్పెడూ తీసి శ్యామలాంబ ముందు పెట్టి, "వారం వారం తీయించాలమ్మా ఇవి," అన్నారు. ఆ పూట వాళ్ళింట్లోనే అందరికీ వేడి వేడి పకోడీలు వేసింది లక్ష్మి.

గేటుకు ఆ వానాకాలం తాళం పడలేదు. ఐతే మొదటి వారం దుర్గాశ్రీ ఆటలో వెనకే ఉండిపోయింది. తడి పచ్చిక మీద కాలు పెట్టడానికి వెనకాడేది. బంతి దగ్గరగా వచ్చినా వంగేది కాదు. సత్యవాణి టీచరు ఎంత చెప్పినా లాభం లేకపోయింది. ఒక పొద్దున్న సన్నగా జల్లు పడుతుంటే శ్యామలాంబ చెప్పులు గట్టు మీద వదిలి, చీర కాస్త ఎత్తి పట్టుకుని పచ్చిక మీదికి నడిచింది. పిల్ల పడిన తూర్పు మూలకు వెళ్ళి అటూ ఇటూ వడివడిగా నడిచింది. ఆవిడ కాస్త భారీ మనిషి. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు.

"ఇదిగో అమ్మడూ, నన్నే మోస్తోంది. నిన్ను మొయ్యదా?" అంది.

పిల్లలు గొల్లున నవ్వారు. దుర్గాశ్రీ నవ్వుతూనే వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. మడమతో పచ్చికను రుద్ది చూసింది. మొదట నడిచింది, తర్వాత పరిగెత్తింది. ఆ రోజు బంతికి వంగలేదు. మర్నాడు ఒకసారి వంగింది. శ్రావణం వచ్చేసరికి మళ్ళీ మెరుపులా వంగడం మొదలెట్టింది. ఆట లేని పొద్దుల్లో మోకాళ్ళ నొప్పుల లక్ష్మి కూడా ఆ మెత్తని ఇసక పచ్చిక మీద నడవడానికి వచ్చేది. రోడ్డు మీద లారీల భయం, ఇక్కడ ఆ బాధ లేదని చెప్పేది. శ్యామలాంబ, ఆవిడ కలిసి నడుస్తూ ఏడాది కబుర్లన్నీ చెప్పుకున్నారు.

ఎంపికలు కాకినాడలో జరిగాయి. టీచరు పిలిస్తే శ్యామలాంబ కూడా పిల్లలతో బస్సెక్కింది. లక్ష్మిని వెంటపెట్టుకుని వెళ్ళింది. తన వయసులో ఆటల పోటీ చూడడం అదే మొదలు. పిల్లలు రెండు మ్యాచిలు గెలిచారు. మూడోది చివరిదాకా లాగి ఓడిపోయారు. ఓడినందుకు కొందరు ఏడ్చారు. కానీ సాయంత్రం జిల్లా జట్టు పేర్లు చదివినప్పుడు తూములపాలెం హైస్కూలు నుంచి ఆశాజ్యోతి అనే పొడుగాటి పిల్ల పేరు వచ్చింది. దుర్గాశ్రీ పేరు అదనపు ఆటగాళ్ళలో వచ్చింది. శ్యామలాంబకు అదనపు అంటే అర్థం కాక టీచర్ని అడిగింది. జట్టుతో తీసుకెళతారు, అవసరమైతే దించుతారు అని సత్యవాణి చెప్పింది.

"తీసుకెళతారు కదా, చాలు," అంది శ్యామలాంబ.

దుర్గాశ్రీ వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. మొహంలో కొంచెం నిరాశ, దానికి రెండింతల సంతోషం. వచ్చే ఏడు మొదటి పేర్లలోనే ఉంటానండి మామ్మగారూ అంది. శ్యామలాంబ ఆ పిల్ల కుడి చెయ్యి అందుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. బస్సు రామచంద్రపురం దాటేసరికి వాన మొదలైంది. పిల్లలు కిటికీలు మూయకుండా చేతులు బయటికి చాపి పాటలు అందుకున్నారు. లక్ష్మి కునుకు తీస్తోంది. గేటు దగ్గర పిల్లల కాళ్ళ తొక్కిడికి పోగులు కాస్త అణిగాయి, రేపు వాన వెలిశాక అటువైపు ఒకసారి దువ్వాలి అని శ్యామలాంబ మనసులో అనుకుంది.